నది మీద గాజు పిరమిడ్

కచేరీ అనగానే మన కళ్ళముందు కదలాడే బొమ్మ ఒకటుంది. ఎత్తరుగు మీద తివాచీ, తివాచీ మీద విద్వాంసుడు, ఆయనకు ఒక పక్క వయొలిన్, మరో పక్క మృదంగం, వెనకాల తంబురా. శ్రోతలు ఎదట కూర్చుంటారు. పాట ఎదటినుంచి వస్తుంది. నచ్చితే తల ఊపుతాం. నచ్చకపోతే పక్కవారితో లోకాభిరామాయణం మొదలుపెడతాం.

ఇప్పుడు మరొక కచేరీని ఊహించుకోండి. అరుగు లేదు, తివాచీ లేదు. ఒక పెద్ద నది ఉంది. రాత్రివేళ. నదీతీరాన ఎటు చూసినా జనం. ఒకరు కాదు, వందమంది కాదు, 80 వేలమంది. నీళ్ళకు పైన, గాలిలో, ఒక గాజు పిరమిడ్ వేలాడుతున్నది. దాని లోపల దీపాల వెలుగులో ఒకే ఒక మనిషి. ఆయన చేతిలో వాద్యం లేదు. ముందున్నది మీటలూ, బిరడాలూ పొదిగిన ఒక బల్ల. ఆయన ఒక మీటను పైకి నెడితే అవతలి గట్టున సంగీతం లేస్తుంది. మరొక మీటను దింపితే ఇవతలి గట్టు నిశ్శబ్దమవుతుంది. పాట ఎదటినుంచి కాదు, అన్ని దిక్కులనుంచీ వస్తున్నది.

ఇది కథ కాదు. 1984లో ఆస్ట్రియా దేశంలో, లింజ్ అనే ఊళ్ళో, డాన్యూబు నది మీద జరిగింది. గాజు పిరమిడ్‌లో కూర్చున్నాయన జపాను దేశస్థుడు, ఇసావో తొమితా. కార్యక్రమం పేరును మన మాటల్లో చెప్పాలంటే ‘విశ్వాంతరంగం’. వినిపించినది యూరపు మహావిద్వాంసులు రాసిన శాస్త్రీయ సంగీతం. వినిపించిన సాధనం మాత్రం విద్యుత్తుతో ధ్వనిని పుట్టించే సింథసైజర్.

కిటికీల్లో రేడియోలు

ఇంత విడ్డూరం లింజ్‌లోనే ఎందుకు జరగాలి? ఆస్ట్రియాలో సంగీతానికి పెట్టింది పేరు వియన్నా. మొజార్టు పుట్టిన ఊరుగా సాల్జ్‌బర్గుకు ఖ్యాతి. ఈ రెంటి మధ్యా ఉన్న లింజ్‌ది ఉక్కు కర్మాగారాల వల్ల వచ్చిన పేరు. అయితే ఆ ఊరికీ ఒక సంగీతనిధి లేకపోలేదు. 19వ శతాబ్దపు గొప్ప స్వరకర్తల్లో ఒకడైన ఆంటన్ బ్రూక్నర్ 1824లో ఆ పక్క పల్లెలోనే పుట్టాడు. లింజ్ పెద్ద చర్చిలో ఏళ్ళ తరబడి ఆర్గన్ వాయించాడు. డాన్యూబు ఒడ్డున 1974లో కట్టిన సంగీతభవనానికి ఆయన పేరే పెట్టారు.

1979 సెప్టెంబరులో ఆ ఊరివారు ఒక కొత్త ఉత్సవం మొదలుపెట్టారు. కళకూ యంత్రానికీ పొత్తు కుదర్చడం దాని ఆశయం. పేరు ఆర్స్ ఎలక్ట్రానికా. మొదటి ఏడాది వారు చేసిన పని ఇది: బ్రూక్నర్ ఎనిమిదో సింఫనీని నది ఒడ్డు పార్కులో పెద్ద పెద్ద లౌడ్ స్పీకర్ల ద్వారా వినిపించారు. అంతటితో ఊరుకోక, అదే సమయానికి రేడియోలో అదే సంగీతం ప్రసారం చేస్తూ, ‘మీ ఇళ్ళలో రేడియోలు కిటికీల్లో పెట్టండి’ అని పౌరులను కోరారు. ఊరంతా ఒకే పాట! ఆ సాయంత్రం సుమారు లక్షమంది విన్నారు. దానికి ‘ధ్వనిమేఘం’ అని పేరు పెట్టారు.

రేడియో పెట్టెను వీధి వైపు తిప్పి పెట్టడం మనకు కొత్తేమీ కాదు. భక్తిరంజని వేళకు ఒక ఇంటి రేడియో నాలుగిళ్ళకు పాడిన రోజులు పెద్దవారికి గుర్తే. కాని ఒక మహానగరం పనిగట్టుకుని తన కిటికీలన్నీ తెరిచి పాడటం వింతే కదూ? టిక్కెట్టు కొని, మంచి దుస్తులు వేసుకుని, తలుపులు మూసిన హాలులో వినవలసిన సంగీతం ఆ రోజు వీధిలోకి వచ్చి నిలబడింది. చంకన పిల్లను ఎత్తుకున్న తల్లీ విన్నది. కర్మాగారంనుంచి ఇంటికి పోతున్న పనివాడూ విన్నాడు.

అయిదేళ్ళ తరవాత ఆ మేఘాన్ని కురిపించడానికి తొమితాకు పిలుపు వచ్చింది.

గోడ చెప్పిన గుసగుస

తొమితా 1932లో టోకియోలో పుట్టాడు. తండ్రి ఉద్యోగరీత్యా కొన్నాళ్ళు చైనాలో పెరిగాడు. బీజింగులో స్వర్గాలయమని పేరుబడ్డ ప్రాచీన ఆలయం ఉంది. అక్కడ గుండ్రటి ప్రాకారం ఒకటి. గోడ దగ్గర ఒకచోట నిలబడి మెల్లగా మాట్లాడితే ఆ మాట గోడ వెంబడే జారిపోయి, ఎక్కడో దూరాన నిలబడ్డవారి చెవిలో పలుకుతుంది. తండ్రి చెయ్యి పట్టుకుని వెళ్ళిన ఆ పసివాడు ఆ వింత విని నిర్ఘాంతపోయాడు. మనిషి కనబడడు, మాట మాత్రం చెంతనే! శబ్దం ఎక్కడినుంచి వస్తున్నదన్న ప్రశ్న అప్పుడు పట్టుకుని ఆయనను జన్మలో వదలలేదు.

యుద్ధకాలంలో అమెరికా, ఇంగ్లండుల సంగీతం జపానులో నిషిద్ధం. 1945లో యుద్ధం ముగిసింది. అమెరికన్ సైన్యం వచ్చి తన రేడియో పెట్టింది. పదమూడేళ్ళ తొమితా దాన్ని విన్నాడు. అదేదో పరలోకంనుంచి దిగివచ్చిన సంగీతంలాగా తోచిందని తరవాత చెప్పుకున్నాడు. కాలేజీలో చదివినది కళల చరిత్ర. మనసు మాత్రం సంగీతం మీద. రేడియోకూ, సినిమాలకూ, టెలివిజనుకూ బాణీలు కట్టి పేరు తెచ్చుకున్నాడు. జపాను పిల్లలు అపురూపంగా చూసుకున్న తెల్ల సింహం బొమ్మల చిత్రానికి 1965లో సంగీతం ఆయనదే.

ఇలా సుఖంగా గడిచిపోతున్న సంసారంలోకి ఒక అమెరికా రికార్డు వచ్చి పడింది. రాబర్ట్ మూగ్ అనే ఇంజనీరు 1964లో తయారుచేసిన సింథసైజర్ మీద, వెండీ కార్లోస్ అనే కళాకారిణి బాక్ సంగీతాన్ని వాయించి 1968లో విడుదల చేసింది. యంత్రం మీద బాక్! ఆ రికార్డు లోకాన్ని ఊపేసింది. తొమితా విన్నాడు. వంద వాద్యాలున్న వాద్యబృందంలో కూడా తనకు కావలసిన ధ్వని దొరక్క విసిగి ఉన్న మనిషి ఆయన. లేని రంగులు కలుపుకునే పలక దొరికిందని పొంగిపోయాడు.

సుంకం వారి సందేహం

1971లో ఆ యంత్రాన్ని జపానుకు తెప్పించాడు. ఖరీదు దాదాపు కోటి యెన్‌లు. ఆ డబ్బుతో ఇల్లు కొనుక్కోవచ్చు. తీరా ఓడ దిగిన తరవాత సుంకం అధికారులు అడ్డుకున్నారు. వారి తప్పు కూడా లేదు. ఆ పెట్టెను చూస్తే టెలిఫోను ఎక్స్ఛేంజి అనుకోవచ్చు, యుద్ధపరికరం అనుకోవచ్చు. వాద్యమని మాత్రం ఎవరూ అనుకోరు. నిలువెత్తు బీరువా నిండా బిరడాలు, చిల్లులు, ఒక చిల్లునుంచి మరొక చిల్లుకు వేలాడే తీగెలు.

‘ఇది వాద్యం’ అన్నాడు తొమితా.

‘అయితే వాయించండి’ అన్నారు వారు.

అదే చిక్కు! అది తీగె మీటగానే పలికే వీణ కాదు. చివరికి ఒక ఆంగ్ల కళాకారుడు వేదిక మీద అలాంటి యంత్రాన్ని వాయిస్తున్న ఫొటో తెప్పించి చూపితే గాని పెట్టె చేతికి రాలేదట. ఈ సంగతి తొమితాయే నవ్వుతూ చెప్పేవాడు.

ఇంటికి తెచ్చాక మరొక కష్టం. నేర్పే గురువు లేడు. ఏ బిరడా తిప్పినా తుమ్మెద రొద, ఇంజను ఈల తప్ప సంగీతం లేదు. ఇంత డబ్బు పోసి ఇనపసామాను కొన్నానా అని దిగులుపడ్డాడు. నెలల తరబడి ఆ తీగెలతో కుస్తీపట్టాడు.

ఆ యంత్రం పనిచేసే తీరు స్థూలంగా చెప్పుకోవచ్చు. అందులో ఒక భాగం విద్యుత్తును కంపింపజేస్తుంది. సెకనుకు ఎన్ని కంపనాలో దాన్నిబట్టి శ్రుతి. రెండో భాగం జల్లెడ వంటిది. అక్కరలేని ధ్వనులను ఆపేసి కావలసినవి వదులుతుంది. నోట్లో నాలుక కదల్చి ‘ఆ’ను ‘ఊ’గా మార్చినట్లు, ఇది ధ్వని రంగును మారుస్తుంది. మూడో భాగం స్వరం పుట్టుకనూ, పోకడనూ దిద్దుతుంది: గంటలాగా ఒక్కసారి మోగి ఆరిపోవాలా, పిల్లనగ్రోవిలాగా మెల్లగా లేవాలా? రాయిలోనుంచి బొమ్మను తొలిచినట్లు రొదలోనుంచి స్వరాన్ని తొలుచుకోవాలన్నమాట.

పైగా ఆ రోజుల యంత్రం ఒకసారికి ఒక్క స్వరమే పలికేది. పియానో మీద పది వేళ్ళతో ఒక్క క్షణంలో పలికించేదాన్ని, తొమితా ఒక్కొక్క స్వరంగా టేపు మీద ఎక్కించి, దాని మీద రెండోది, దాని మీద మూడోది పేర్చవలసి వచ్చింది. నేతగాడు పోగు పోగు వేసినట్లే. అలా ఏడాదికి పైగా ఇంట్లో కూర్చుని ఫ్రెంచి స్వరకర్త డెబుసీ పియానో కృతులను నేశాడు. మంచు పలుకుల నాట్యం, వెన్నెల, వానలో తోటలు, సముద్రంలో మునిగిపోయిన కోవెల – ఇవీ ఆ కృతుల వస్తువులు. పియానోలో స్వరం కొట్టగానే పుట్టి, పుట్టగానే తరిగిపోతుంది. తొమితా చేతిలో అదే స్వరం ఊపిరి పోసుకుని పెరిగింది, ఈల వేసింది, మనిషి గొంతులాగా వణికింది.

జపాను రికార్డు కంపెనీలు ఆ టేపులు విని పెదవి విరిచాయి. ఇది శాస్త్రీయమా, సినిమా సంగీతమా, శబ్దచిత్రమా? అంగడిలో ఏ అరలో పెట్టాలి? అమెరికాలో ఆర్‌సీయే కంపెనీ మాత్రం 1974లో విడుదల చేసింది. మరుసటి ఏడాది ఆ రికార్డు నాలుగు గ్రామీ బహుమతుల పోటీకి నిలిచింది. ఇంట గెలవనివాడు రచ్చ గెలిచి వచ్చాడు.

తండ్రి పాట, కూతురి మాట

అందరూ మెచ్చుకున్నారని అనుకోకండి. 1976లో తొమితా ఆంగ్ల స్వరకర్త గుస్తావ్ హోల్‌స్ట్ రచించిన ‘గ్రహాలు’ అనే ప్రసిద్ధ కృతిని యంత్రం మీద పునర్నిర్మించాడు. రాకెట్టు లేచే చప్పుడుతో సహా. హోల్‌స్ట్ అప్పటికి నలభై ఏళ్ళకు మునుపే కాలం చేశాడు. ఆయన కుమార్తె ఇమోజెన్ అభ్యంతరం చెప్పింది. ఆమె ఏమీ తెలియని మనిషి కాదు. స్వయంగా స్వరకర్త, వాద్యబృంద నిర్వాహకురాలు, తండ్రి రచనలను జీవితమంతా కాపాడుకుంటూ వచ్చిన విదుషి. మా నాన్న ఏ వాద్యానికి ఏ స్వరం ఇచ్చాడో దాన్ని మార్చడానికి మీరెవరు – ఇదీ అటువంటివారి బాధలోని సారాంశం. ఆమె 1984లోనే, లింజ్ కచేరీ జరిగిన ఏడాదే, కన్నుమూసింది.

ఈ తగవులో తీర్పు చెప్పడం తేలిక కాదు. మన ఇంటి సంగతే చూసుకుందాం. వయొలిన్ పరాయి వాద్యం. 19వ శతాబ్దం తొలిరోజుల్లో బాలుస్వామి దీక్షితులు దాన్ని మన సంగీతానికి అలవాటు చేశారంటారు. ద్వారం వెంకటస్వామినాయుడుగారి కమాను కింద అది పలికిన తరవాత దాన్ని పరాయిదనే ధైర్యం ఎవరికుంది? అదే హార్మోనియం సంగతి వేరు. మన నాటకాలకు ప్రాణం పోసిన ఆ పెట్టెను 1940లో ఆలిండియా రేడియో వెలివేసింది; 1971 దాకా ఆ వెలి సడలలేదు. మెట్టుకూ మెట్టుకూ మధ్య జారడం దానికి చేతకాదు, గమకం పలకదు అన్నది దానిమీద నేరం. ఇక పాలకొల్లు కుర్రవాడు శ్రీనివాస్ 1978లో, తొమ్మిదేళ్ళ వయసున, గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో మాండలిన్ పట్టుకుని కూర్చున్నాడు. మామూలు మాండలిన్ తీగె టింగుమని ఆగిపోతుంది, గమకానికి నిలవదు. విద్యుత్తు తోడయ్యేసరికి నాదం సాగింది, రాగం పలికింది. విద్యుత్తు రాగాన్ని చెరచలేదు సరికదా, నిలబెట్టింది.

కాబట్టి ప్రశ్న యంత్రం గురించి కాదనిపిస్తుంది. ఆ యంత్రం పాటలోని ప్రాణాన్ని మోయగలదా లేదా అన్నదే ప్రశ్న. దానికి జవాబు ప్రతిసారీ చెవితో విని చెప్పుకోవలసిందే గాని, ముందుగా శాస్త్రం రాసిపెట్టుకుని చెప్పేది కాదు.

గట్టుకూ గట్టుకూ మధ్య అర సెకను

ఇంట్లో టేపుల మీద నేసిన సంగీతాన్ని నది మీద పరచడం మరో ఎత్తు. తొమితాకు ఎదటినుంచి మాత్రమే వచ్చే పాట మీద మొదటినుంచీ గురి లేదు. అడవిలో నిలబడితే పిట్ట ఒక దిక్కున, సెలయేరు ఒక దిక్కున, ఉరుము నెత్తిన. హాలులో మాత్రం అంతా ఒకే దిక్కున ఎందుకు? అందుకని తన రికార్డులను నాలుగు మూలల నాలుగు స్పీకర్లకు సరిపడేట్లు చేసేవాడు. 1979 నాటి ఒక రికార్డుకైతే అయిదో స్పీకరు తలపైన వేలాడదీసుకోమన్నాడు. నాలుగు మూలలు, పైన ఒక కొస – అదే పిరమిడ్! లింజ్‌లో గాలిలో వేలాడిన గాజు కట్టడం ఆ ఊహకు రూపమే కావచ్చు.

ఆరుబయట కచేరీ చేసేవారికి ఇద్దరు శత్రువులు. ఒకటి దూరం. హాలులో గోడలు శబ్దాన్ని తిప్పి మనకే ఇస్తాయి. బయట గోడలు లేవు. దూరం రెట్టింపయితే ధ్వని తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. రెండోది కాలం. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే నడుస్తుంది. లింజ్ దగ్గర డాన్యూబు వంతెన పొడవు సుమారు 250 మీటర్లు. అంటే అవతలి గట్టున మోగిన స్వరం ఇవతలి గట్టుకు చేరడానికి అర సెకనుకు పైనే పడుతుంది. మధ్యమకాలంలో అది ఒక దెబ్బకు మించిన వ్యవధి. రెండు గట్లా ఒకే తాళం వేస్తే వినేవారికి రెండు తాళాలు వినిపిస్తాయి! అందుకే ఇటువంటి కచేరీకి చిటికెల తాళం పనికిరాదు. మేఘంలాగా మెల్లగా కమ్ముకుని, మెల్లగా విడిపోయే సంగీతం కావాలి. ఒక గట్టు ప్రశ్న వేస్తే రెండో గట్టు జవాబు చెప్పే అమరిక కావాలి. తొమితా సంగీతం సహజంగానే అటువంటిది. నదిని అడ్డంకి అనుకోక, దాన్నే వాద్యం చేసుకున్నాడు.

ఇంతకీ ఎవరు వాయించారు?

ఇక్కడ గడుసు పాఠకులు ఒక ప్రశ్న వేస్తారు. ‘అంతా ముందే టేపు మీద ఎక్కించి తెచ్చాడు కదా! గాజు గదిలో కూర్చుని మీటలు నెట్టాడు. దీన్ని కచేరీ అనడమెందుకు? పెళ్ళి పందిట్లో మైకు సెట్టువాడు చేసేదీ ఇదే కదా?’

ప్రశ్న సబబైనదే. తొమితా ఆ రాత్రి కొత్తగా పుట్టించిన స్వరాలు తక్కువ. ఆయన చేసినది కలపడం: ఏ స్వరం ఏ దిక్కునుంచి, ఎంత బలంతో, ఏ క్షణాన రావాలో అప్పటికప్పుడు నిర్ణయించడం. వాద్యబృందం నడిపే నిర్వాహకుడు కూడా తాను ఒక్క స్వరమైనా వాయించడు. చేతిలో పుల్ల ఊపుతాడు. అయినా కచేరీ ఆయనదే అంటాం. తేడా అల్లా, ఆయన ఎదట వందమంది మనుషులుంటారు; ఒకరు అలిసిపోవచ్చు, ఒకరికి ఆవేశం రావచ్చు. టేపు అలవదు, పొంగదు. ఆ లోటు తొమితాకూ తెలిసినట్లే ఉంది. తరవాతి ఆరుబయలు కచేరీల్లో ఆయన మనుషులను చేర్చుకున్నాడు.

1986లో స్వేచ్ఛావిగ్రహం శతవార్షికోత్సవ సందర్భాన న్యూయార్కులో హడ్సన్ నది ఒడ్డున జరిపిన కచేరీలో యంత్రాల సరసన వయొలిన్ ఉంది, పియానో ఉంది. జపాను వెదురు వేణువు షాకుహాచి కూడా ఉంది. వాయించినవారు గోరో యమాగుచి. ఈయన ఊపిరి ఎంత దూరం వెళ్ళిందో తెలుసునా? 1977లో అమెరికా పంపిన వాయేజర్ నౌకల్లో లోకంలోని సంగీతమంతటికీ మచ్చుగా ఒక బంగారుపూత రికార్డు ఉంచారు. అందులో మన కేసర్‌బాయి కేర్కర్ భైరవితోపాటు యమాగుచి వేణువూ ఉంది. ఆ రెండూ ఈనాడు సూర్యమండలపు పొలిమేరలు దాటి పోతున్నాయి.

1988లో ఆస్ట్రేలియా ద్విశతజయంతికి జపాను ప్రజల కానుకగా సిడ్నీ సముద్రశాఖలో మరొక కచేరీ జరిగింది. పడవల మీద స్పీకర్లు, పడవల మీద జపాను డప్పులు, బాణసంచా. ఒక ధ్వనిపరికరాన్నయితే హెలికాప్టరు ఆకాశాన మోసుకొచ్చింది. ఖర్చు లక్షల డాలర్లు. అంత ఆర్భాటంలో సంగీతం ఎంత వినబడిందో విన్నవారే చెప్పాలి. బాణసంచా వెలుగులో చెవి కన్నా కన్నుకు పని ఎక్కువ గదా! లింజ్‌లో మాత్రం ఆనాటి ధ్వనిమేఘం ఇప్పటికీ ఏటేటా సెప్టెంబరులో నది మీద కమ్ముకుంటూనే ఉంది.

యంత్రం వెనక నడిచిన రోజు

తొమితా జీవితంలో చివరి ఘట్టాల్లో ఒకటి చెప్పి ముగిస్తాను. 2012లో, తన ఎనభయ్యో ఏట, ఆయన టోకియోలో ఒక కొత్త సింఫనీ వినిపించాడు. ఈసారి నిజమైన వాద్యబృందం, నిజమైన గాయక బృందం. ప్రధాన గాయని మాత్రం మనిషి కాదు: హాత్సునె మికు అనే బొమ్మ. ఆమె గొంతు కంప్యూటరు పుట్టించినది, రూపం తెర మీద వెలిగే నీడ.

అప్పటిదాకా అటువంటి బొమ్మ పాటగత్తెల కచేరీల్లో ఒక కట్టడి ఉండేది. కంప్యూటరు తన లెక్క ప్రకారం పాడుకుపోతుంది. పక్కనున్న మనుషులే దాని వెంట పరుగెత్తాలి. తొమితా ఒప్పుకోలేదు. నిర్వాహకుడి చేతిపుల్ల ఎలా కదిలితే బొమ్మ అలా పాడాలి, ఆయన ఆగితే ఆగాలి, సాగదీస్తే సాగాలి అని పట్టుబట్టాడు. సాంకేతిక నిపుణులు తలలు బద్దలుకొట్టుకుని ఆ ఏర్పాటు చేశారు. ఆ రాత్రి మనిషి చెయ్యి ముందు కదిలింది. యంత్రం గొంతు దాన్ని అనుసరించింది.

నలభై ఏళ్ళు యంత్రాలతో కాపురం చేసిన మనిషి కోరిన కోరిక అది. 2016 మే 5వ తేదీన, 84వ ఏట, ఆయన వెళ్ళిపోయాడు. చివరిదాకా మరొక సంగీత రచన మీద పనిచేస్తూనే ఉన్నాడు.